హురకాన్ ఎవో రివ్యూ: స్పోర్ట్స్ కారు ఎక్కడ ఆగుతుంది, సూపర్‌కారు ఎక్కడ మొదలవుతుంది

తిరుపతి ఆర్టీవో ఆఫీసులో లాంబోర్గినీ రిజిస్టర్ చేయించినా, స్విఫ్ట్ చేయించినా ఆర్సీలో పడేది ఒకటే మాట: మోటార్ కార్, ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం). సూపర్‌కారు అనే తరగతి చట్టంలో లేదు. కంపెనీలన్నీ కూర్చుని ఒప్పుకున్న కొలత కూడా లేదు. అందుకే మస్టాంగ్‌నీ సూపర్‌కారే అంటారు, బీఎండబ్ల్యూ ఎం4నీ అంటారు. కానీ ఆ మాటకు అర్థం మాత్రం ఉంది. కోట్లు పోసే ముందు అది తెలుసుకోవాలి. లాంబోర్గినీ హురకాన్ ఎవోను ముందు పెట్టుకుని ఆ లెక్క చూద్దాం. ఆ కంపెనీ పాత మోడల్ గల్లార్డో తర్వాత 2014లో హురకాన్ వచ్చింది, దాన్ని మెరుగుపరిచి 2019లో ఎవో తెచ్చారు. మన దేశంలో అప్పటి ఎక్స్-షోరూం ధర 3.73 కోట్లు. హురకాన్ తయారీ 2024తో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేది సెకండ్ హ్యాండ్ బండే.

అంకెలతో తేల్చాలని చూస్తే ఇది తేలదు. ఎవోలో 5204 సీసీ వీ10, అంటే పది సిలిండర్ల ఇంజన్ ఉంది. 8000 ఆర్పీఎం దగ్గర 640 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు ఒక హార్స్‌పవర్), 6500 దగ్గర 600 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం. సున్నా నుంచి 100కు 2.9 సెకన్లు, 200కు 9 సెకన్లు, టాప్ స్పీడ్ 325 కి.మీ. పైమాటే. గొప్ప అంకెలే, కాదనను. కానీ 2020లో వచ్చిన 992 తరం పోర్షే 911 టర్బో ఎస్ 650 పీఎస్‌తో 2.7 సెకన్లకే 100 అందుకుంటుంది, పైగా వెనక పిల్లలు కూర్చోవడానికి రెండు సీట్లున్నాయి. నాలుగు తలుపుల టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ ఈ రెంటినీ దాటిపోతుంది. అటు చూస్తే 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్‌కు ఉన్నది 270 హార్స్‌పవర్. ఇవాళ కొన్ని డీజిల్ ఎస్‌యూవీలకే అంతకంటే ఎక్కువుంది. అయినా ఎన్ఎస్ఎక్స్‌ను సూపర్‌కార్ల వరసలోంచి ఎవరూ తీసెయ్యలేదు. అరుదుగా దొరకడమే గుర్తు అందామంటే గల్లార్డోలు 14,022 తయారయ్యాయి, హురకాన్లు 20,000 దాటాయి. ధరే గుర్తు అందామంటే రోల్స్ రాయిస్ ఇంకా ఖరీదు, దాన్ని సూపర్‌కారని ఎవరూ అనరు.

నా లెక్కలో చూడాల్సింది ఒక్కటే: కారు గీసేటప్పుడు ఏది ముందు నిర్ణయించారు? ఇల్లు కట్టుకున్నాక ఒక మూల పూజగది అమర్చుకోవడం ఒక పద్ధతి. గర్భగుడి ఎక్కడో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి మండపం, ప్రాకారం, గోపురం కొలతలు తీయడం ఇంకో పద్ధతి. స్పోర్ట్స్ కారు మొదటి పద్ధతిలో పుడుతుంది. బీఎండబ్ల్యూ ఎం4కు మామూలు 4 సిరీస్ కారు బాడీ ముందే ఉంది. దాంట్లో బలమైన ఇంజన్, గట్టి సస్పెన్షన్, పెద్ద బ్రేకులు పెట్టారు, చాలా బాగా పెట్టారు. సూపర్‌కారులో ముందు ఇంజన్‌కు చోటు తేలుస్తారు, దాన్ని చల్లబరిచే గాలికి దారి తేలుస్తారు. మనిషి, సామాను, అద్దాలు, తలుపులు అన్నీ మిగిలిన జాగాలో సర్దుకోవాలి.

1966 జెనీవా మోటార్ షోలో లాంబోర్గినీ మియురా చేసింది ఇదే. అప్పటిదాకా రేసు కార్లకే అలవాటైన పద్ధతిలో వీ12ను సీట్ల వెనక, అదీ అడ్డంగా పెట్టారు. సూపర్‌కారు అనే మాట జనంలో నిలబడింది ఆ కారుతోనే. 1987 నాటి ఫెరారీ ఎఫ్40లో కార్పెట్ లేదు, లోపలి నుంచి తలుపు తీయాలంటే తాడు లాగాలి. మెక్‌లారెన్ ఎఫ్1లో డ్రైవర్ సీటు సరిగ్గా మధ్యలో ఉంటుంది, ఇంజన్ గదికి వేడి తట్టుకోవడానికి బంగారు రేకు అతికించారు. ఇవేవీ షోకు చేసినవి కావు. మొదటి నిర్ణయం తర్వాత మిగిలిన దారులు అవే.

ఇక హురకాన్. వీ10 సీట్లకూ వెనక ఇరుసుకూ మధ్య కూర్చుంటుంది. బరువు ముందు 43 శాతం, వెనక 57. ఇంజన్‌ను మధ్యలో పెట్టడం వల్ల ఏం ఒరుగుతుందో ఆడికృత్తికకు కావడి మోసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు చివర్లా బరువు వేలాడుతుంటే తిన్నగా నడవడం సులువే. పక్కకు తిరగబోతే మాత్రం కావడి ముందు మొరాయిస్తుంది, తిరగడం మొదలయ్యాక తొందరగా ఆగదు. అదే బరువు గుండెకు హత్తుకుని పట్టుకుంటే మడమ మీదే తిరగొచ్చు. హురకాన్ స్టీరింగ్ తిప్పిన క్షణానే ముక్కు తిరిగేది అందుకే. ఎవోలో వెనక చక్రాలు కూడా కాస్త తిరుగుతాయి, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది. ఇందులోనే ఒక ప్రమాదమూ ఉంది. బరువు మధ్యలో ఉన్న బండి వెనక భాగం జారితే గిర్రున తిరిగిపోతుంది, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వదు. వేగంగా వెళ్తూ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీది కాలు ఒక్కసారిగా తీసేయడం, వాన రోడ్డు మీద స్ట్రాడా (మామూలు రోడ్డు) మోడ్ వదిలి కోర్సా (రేస్ ట్రాక్) మోడ్‌కు మార్చడం అస్సలు చేయకూడనివి.

ఇంజన్ అడుగున ఆయిల్ చట్టి వేలాడకుండా డ్రై సంప్ పెట్టారు. ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉంటుంది, పంపులు లాగి పోస్తుంటాయి. దీనివల్ల రెండు లాభాలు. ఇంజన్ నేలకు ఇంకా దగ్గరగా కూర్చుంటుంది, పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోగై పంపుకు అందకపోవడం అనేది ఉండదు. చాసిస్, అంటే బండి అస్థిపంజరం, అల్యూమినియం, కార్బన్ ఫైబర్ కలిపి చేసింది. ద్రవాలు లేకుండా బండి బరువు 1422 కిలోలు. కార్బన్ సెరామిక్ బ్రేకులు 100 కి.మీ. వేగం నుంచి 31.9 మీటర్లలో ఆపేస్తాయి. మామూలు కార్లకు 40 మీటర్ల దాకా పట్టొచ్చు.

శబ్దం గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కారులో సగం విలువ అక్కడే ఉంది. పది సిలిండర్లు, ఒక చుట్టుకు ఐదు పేలుళ్లు. 8000 ఆర్పీఎం అంటే సెకనుకు సుమారు 667. నాలుగు సిలిండర్ల బండి 3000 దగ్గర పరిగెడితే సెకనుకు 100. అందుకే మన బండ్లు గుర్రుమంటాయి, ఇది పాడుతుంది. 667 అంటే నాదస్వరం తారస్థాయిలో పలికే చోటు. టర్బో అడ్డం లేదు కాబట్టి ఎగ్జాస్ట్ గొంతు ఎక్కడా మూసుకుపోదు. దీని తర్వాత వచ్చిన టెమెరారియోలో 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8, మూడు మోటార్ల హైబ్రిడ్ కలిపి 920 పీఎస్. అది ఇంకా వేగమైన కారు. కానీ ఈ వీ10 గొంతు ఇక కొత్త లాంబోర్గినీలో వినపడదు.

ఎవో మీద వచ్చే విమర్శ ఒకటుంది: ఇంజన్, చాసిస్ మూలాలు రెండో తరం ఆడి ఆర్8తో పంచుకున్నవే కదా అని. నిజమే. అయితే ఆ చాసిస్ ఏ సెడాన్ కోసమో గీసింది కాదు, ఈ వీ10 చుట్టూ గీసిందే. కాబట్టి హురకాన్ స్థాయి తగ్గడం కాదు, ఆర్8 వీ10ను కూడా సూపర్‌కారుగా ఒప్పుకోవడమే న్యాయం. 911 టర్బో ఎస్ విషయంలో నా తీర్పు వేరు. దాని బాడీ మామూలు 911 అయిన కరెరా బాడీయే, ఇంజన్ వెనక ఇరుసు దాటి ఉంటుంది, రోజూ ఆఫీసుకు వెళ్లడానికి గీసిన కారును శిఖరానికి చేర్చారు. వేగంలో హురకాన్‌ను ఓడించే స్పోర్ట్స్ కారు అది. తిరుపతిలో ఉండి, ఒక్క బండే పెట్టుకుని, ఏడాది పొడవునా నడపాలనుకునేవాళ్లు ఏ సందేహమూ లేకుండా దాన్నే కొనాలి. పోర్షేకు చెన్నైలోనే షోరూం ఉంది.

లోపలి భాగానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 8.4 అంగుళాల నిలువు స్క్రీన్ బాగుంది, ఏసీ కూడా దాంట్లోనే ఉండటం బాగోలేదు. ఆరడుగుల మనిషికి తల తగులుతుంది. ముందు డిక్కీలో ఒక బ్యాగు పడుతుంది. వెనక అద్దంలోంచి కనిపించేది కొంచెమే.

మన రోడ్ల మీద ఈ బండి పడే ఇబ్బందిని లెక్కతో చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణంలోని స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది. హురకాన్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.62 మీటర్లు. ఆ దూరంలో ఆ వంపు మధ్యన లేచేది సుమారు 5 సెం.మీ. మాత్రమే. బండి పొట్ట నేలకు సుమారు 12.5 సెం.మీ. ఎత్తులో ఉంటుంది కాబట్టి ప్రమాణం ప్రకారం వేసిన బ్రేకర్ దర్జాగా దాటుతుంది. ఇబ్బందల్లా ఊళ్లలో ఎవరికి వారు సిమెంటుతో పోసుకునే దిబ్బలతో. వెడల్పు అర మీటరో, ముప్పావు మీటరో ఉంటుంది, ఎత్తు 15 సెం.మీ. అది రెండు చక్రాల మధ్యకు వచ్చేసరికి చక్రాలు నాలుగూ నేల మీదే ఉంటాయి, పొట్టకు దిబ్బ మొత్తం ఎత్తు అడ్డుపడుతుంది. లిఫ్ట్ బటన్ నొక్కితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లిఫ్ట్ ముందు ఇరుసునే ఎత్తుతుంది. ముక్కు 4 సెం.మీ. లేస్తే మధ్య భాగానికి దక్కేది 2. అంటే 14.5 దగ్గర ఆగింది, దిబ్బ 15. తగిలి తీరుతుంది. మొదట ఊడేవి అడుగు ప్యానెళ్ల క్లిప్పులు, తర్వాత పగిలేది ప్యానెల్. ఇలాంటి దిబ్బ కనిపిస్తే ఐమూలగా, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కేలా నడక వేగంతో పోవాలి. పక్క సీట్లో మనిషి ఉంటే దింపేయాలి, ఆ కాస్త బరువు తగ్గినా పనికొస్తుంది.

సెల్లార్ పార్కింగులదీ ఇదే కథ. ముందు చక్రానికి అవతల ముక్కు సుమారు మీటరు పొడుచుకు వస్తుంది, దాని కింద ఎత్తు 12 సెం.మీ. అంటే ఏడు డిగ్రీల వాలు దాటితే లిఫ్ట్ లేకుండా పెదవి, అంటే ముందు బంపర్ కింది అంచు గీసుకుంటుంది. చాలా లాడ్జీల, అపార్ట్‌మెంట్ల ర్యాంపులు అంతకంటే నిటారు. ఫోన్‌ను ర్యాంపు మీద పెట్టి లెవెల్ యాప్‌లో వాలు చూసుకోవడం నిమిషం పని. బండి కొనేముందు సొంత ఇంటి గేటు దగ్గర ఆ పని చేయండి.

టైర్లు ముందు 245/30 ఆర్20, వెనక 305/30 ఆర్20. ముందు టైరు గోడ ఎత్తు 73 మి.మీ. స్విఫ్ట్ 185/65 ఆర్15 టైరుకు 120 మి.మీ. ఉంటుంది. గుంతలో పడితే దెబ్బ రబ్బరు మింగదు, రిమ్ము తింటుంది. టైరు పక్కన బుడగ లేచిందంటే లోపల దారాలు తెగాయి, అతుకు పని చేయదు, మార్చాల్సిందే. వెడల్పు అద్దాలు కలపకుండానే 1933 మి.మీ. తిరుపతి గరుడ వారధి (శ్రీనివాస సేతు) ఫ్లైఓవర్ మీద హాయిగా సాగే బండి, కింద బజారు సందుల్లో ఎదురొచ్చే ఆటోకు దారి ఇవ్వలేదు.

తిరుమల ఘాట్‌లో ఈ కారును పరీక్షిద్దామనే ఆలోచన వస్తే మానుకోండి. 18-19 కిలోమీటర్ల దారిలో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందు చేరితే జరిమానా. లెక్కేస్తే ఎక్కేటప్పుడు సగటు 40 కి.మీ., దిగేటప్పుడు 30 లోపు. ఆ దారిలో బస్సులున్నాయి, ద్విచక్ర వాహనాలున్నాయి, అడవి జంతువులున్నాయి. ఆ నిబంధన సరైనది. దర్శనానికి వెళ్లేటప్పుడు ఈ బండికి కావాల్సిన జాగ్రత్త వేరే ఉంది. అలిపిరి తనిఖీ వరసలో అడుగు అడుగు జరుగుతూ పోతే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేరుబాక్సులోని క్లచ్ సగం పట్టి సగం వదిలి రుద్దుకుంటుంది, వేడెక్కుతుంది, స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. ముందు బండికీ మనకూ ఒక కారు పొడవు ఖాళీ వదలండి, అది నిండాక ఒక్కసారి కదిలి, పూర్తిగా ఆగండి. ఎక్కుడులో బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేక్ మీద నిలబెట్టండి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్. దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు, హెయిర్‌పిన్ మలుపుల్లో మొదటి గేరు. సెరామిక్ బ్రేకులు వేడికి బెదరవు గానీ చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి, తొలి నొక్కుకు కాస్త మొద్దుగా పట్టుకుంటాయి.

మే నెల ఎండలో 42 డిగ్రీలుండగా వెనకున్న వీ10కు వేగంగా వెళ్తేనే గాలి ఆడుతుంది. ట్రాఫిక్‌లో ఫ్యాన్లే దిక్కు. ముందున్న రేడియేటర్ల జాలీల్లో ఆకులు, ఈగలు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటే ముందు పెరిగేది ఇంజన్ వేడి, తర్వాత తగ్గేది ఏసీ. నెలకోసారి జాలీ వెనక టార్చి వేసి చూసుకోవాలి. కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి, పెట్రోలు ఎంత నొక్కుకుపోతాయో చెప్పే అంకె) 12.7:1, కాబట్టి పెట్రోలు ఆక్టేన్ 95కు తగ్గకూడదు. తక్కువది పోస్తే ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి స్పార్కును వెనక్కి జరుపుతుంది, మీరు డబ్బు పెట్టి కొన్న పీఎస్‌లు అక్కడే పోతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాక్కుంటుంది. నెలలు తరబడి ట్యాంకులో నిలవ ఉంచకండి. బండి కదలని వారాల్లో బ్యాటరీకి మెయింటెనర్ చార్జర్ తగిలించి ఉంచాలి. లేకపోతే ముందు వచ్చేవి ఎలక్ట్రానిక్ తప్పుడు హెచ్చరికలు, వాటిని నమ్మి లేని జబ్బుకు మందు వేస్తారు.

లాంబోర్గినీ షోరూం మనకు దగ్గరలో అంటే బెంగళూరే, సుమారు 250 కి.మీ. చిత్తూరు, పలమనేరు మీదుగా రోడ్డు బాగుంటుంది, మొగిలి ఘాట్ దగ్గర లారీలతో జాగ్రత్త. నాలుగు లైన్ల హైవేలో కారుకు పరిమితి 100 కి.మీ. ఎవో ఆ వేగానికి రెండో గేరులోనే చేరిపోతుంది. బండి ఆగిపోతే చక్రాలు నాలుగూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవాలి, కట్టే పట్టీలు టైర్ల మీదుగా రావాలి. సస్పెన్షన్ కడ్డీలకు కొక్కెం తగిలిస్తే అల్యూమినియం వంగుతుంది, అలైన్‌మెంట్ మళ్లీ కుదరదు.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు పెయింటు మెరుపు చూసి మురిసిపోకండి. మొదట వర్క్‌షాపులో బండిని పైకెత్తించి అడుగు చూడండి. పెదవి కింద గీతలు సహజం, చాసిస్ అంచు దగ్గర గీతలుంటే వదిలేయండి. సెరామిక్ డిస్కుల అంచులు చుట్టూ వేలితో తడిమి చూడాలి. అరుగుదల కంటే అంచు పెచ్చు లేవడమే వాటికి చావు, అది చక్రం విప్పేటప్పుడు రిమ్ము తగిలి లేస్తుంది. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 3521 అంటే 2021లో 35వ వారం. ఆరేళ్లు దాటిన టైరుకు గాడి నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, నాలుగూ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. క్లచ్ అరుగుదల ఎంతో డయాగ్నస్టిక్ మెషిన్‌లో కనిపిస్తుంది, ఆ ప్రింటు ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి. ముక్కును లేపే లిఫ్ట్‌ను పదిసార్లు ఎత్తి దించి, గంట తర్వాత కింద ఆయిల్ చుక్క ఉందేమో చూడండి. కర్ణాటక, ఢిల్లీ బండైతే ఎన్ఓసీ తెచ్చి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అది లక్షల్లో ఉంటుంది, బేరంలోనే లెక్క వేసుకోండి.

ఇంత చేసి ఈ బండి తన గుణం చూపించేది ఎక్కడ? తిరుపతివాళ్లకు ఆ చోటు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, మూడు గంటల లోపు ప్రయాణం, 3.7 కి.మీ. చుట్టు. బండిని లారీ మీద తీసుకెళ్తే టైర్లు, పెదవి రెండూ మిగులుతాయి. మొదటి రెండు చుట్లు టైర్లను, బ్రేకులను వేడెక్కించడానికే. వేడెక్కాక టైర్లలో గాలి 5-6 పీఎస్ఐ పెరుగుతుంది. పిట్‌లోకి వచ్చి వేడి మీదే కొలిచి, పెరిగినది దించుకోవాలి, ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ నింపుకోవాలి. నాలుగైదు చుట్లు గట్టిగా, ఒక చుట్టు మెల్లగా, అలా విడతలుగా నడపండి. చివరి చుట్టులో బ్రేక్ దాదాపు ముట్టుకోకుండా రండి. ఆపాక ఇంజన్‌ను రెండు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వండి, ఆయిల్ స్థాయి అప్పుడే చూడండి. డ్రై సంప్‌లో చల్లటి ఇంజన్ మీద చూసిన అంకె తప్పు చెబుతుంది, అది నమ్మి అదనంగా పోస్తే పొగ రావడం ఖాయం.